ఇద్దరొస్తేనే ఇచ్చే డబ్బా

స్వరూప రెండు ఫోన్లలో రెండు అబద్ధాలు టైపు చేసి పెట్టి నాలుగు రోజులైంది.

మంగళవారం డిపార్ట్‌మెంట్ ల్యాబులో కూర్చుని ఆ పని చేసింది. ఒక ఫోన్‌లో ‘మాటతోడు’ కీబోర్డు పాత వెర్షన్. రెండో ఫోన్‌లో ఈ నెల విడుదలైన కొత్త వెర్షన్. పాతదానిలో తనకు ఒక డోలు కావాలని రాసింది. కొత్తదానిలో తేనెటీగలు పెంచాలని ఉంది, పెట్టెలు ఎక్కడ దొరుకుతాయి అని రాసింది. ఎవరికీ పంపలేదు. ఎక్కడా వెతకలేదు. నోట్స్‌లో రాసి మూసేసింది. ఆమెకు డోలు వాయించడం రాదు. తేనెటీగ కనిపిస్తే పది అడుగులు వెనక్కి వేసే మనిషి.

శనివారం ఉదయం క్యాంపస్ క్యాంటీన్‌లో ఉప్మా ప్లేటు ముందు పెట్టుకుని రెండో ఫోన్ తెరిచింది. వాతావరణం పేజీ కింద ఒక ప్రకటన మెరుస్తోంది. తేనెటీగల పెట్టెలు, టేకు చెక్కతో చేసినవి, హైదరాబాద్‌లో ఎక్కడికైనా రెండు రోజుల్లో పంపుతారట.

మొదటి ఫోన్‌లో డోలు జాడ లేదు.

ఉప్మా ముట్టకుండానే చల్లారిపోయింది.

మూడేళ్ళ కిందట కరుణాకర్, స్వరూప, జశ్వంత్ ముగ్గురూ కలిసి కట్టిన కీబోర్డు మాటతోడు. ఉచితం. ప్రకటనలు లేవు. కోడ్ మొత్తం ఎవరైనా చదువుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టారు. తెలంగాణ మాట రాస్తే తప్పని దిద్దని కీబోర్డుగా పేరు తెచ్చుకుని రెండు లక్షల ఫోన్లలోకి వెళ్ళింది. రాసే మనిషి మాటల్ని గుర్తుపెట్టుకుని, తరువాతి మాటను ముందే పైన చూపిస్తుంది. ఆ జ్ఞాపకం ఆ ఫోన్‌లోనే ఉండాలి. గడప దాటకూడదు. ముగ్గురూ జనానికిచ్చిన మాట అది.

ఆ మాటను అందరికంటే ఎక్కువగా నమ్మింది స్వరూప చెల్లెలు వనజ. గ్రూప్స్‌కు చదువుతోంది. ఫిబ్రవరిలో ఒక రోజు లైబ్రరీ మెట్ల మీద ఫిట్స్ వచ్చి పడిపోయింది. ఆ ఒక్కసారే. రెండేళ్ళు మాత్రలు వేసుకోమన్నాడు డాక్టరు. ఈ సంగతి అక్కకూ, స్నేహితురాలు అరుంధతికీ తప్ప ఎవరికీ తెలియదు. అరుంధతికి రాసిన మెసేజీల్లో మాత్రమే ఆ జబ్బు పేరు ఉంది.

పోయిన ఆదివారం వనజ ఊరికి వెళ్ళింది. ఏరిన పత్తి తడుస్తుందేమోనని వాన సంగతి చూడటానికి తండ్రి రాజలింగం కూతురి ఫోన్ తీసుకున్నాడు. మబ్బుల బొమ్మ కింద, ఫిట్స్‌కు శాశ్వత చికిత్స అని ఏదో ఆసుపత్రి ప్రకటన. వేలితో తోసేస్తే మళ్ళీ వచ్చింది. మూడోసారి వచ్చాక ఆయన ఫోన్ మంచం మీద పెట్టి కూతురి మొహంలోకి చూశాడు.

రేపు ఆయన బౌద్ధనగర్‌లో అక్కాచెల్లెళ్ళు అద్దెకుంటున్న గదికి వస్తాడు. వనజను ఊరికి తీసుకుపోతాడు. చదువు బందు. రోడ్డు మీద పడిపోతే లేపేదెవరని ఆయన ప్రశ్న. వనజ సోమవారం తిరిగొచ్చి, జరిగింది చెప్పి, తన ఫోన్ అక్క చేతిలో పెట్టింది. నీ కీబోర్డే నన్ను బజారుకీడ్చిందని అనలేదు. అందుకే స్వరూపకు ముద్ద దిగడం లేదు. ప్రకటనను పంపింది ఎవరో తెలిస్తే, ఈ తప్పు వనజది కాదు, నాది, నన్ను తిట్టు అని తండ్రి ముందు నిలబడగలదు. తెలియకపోతే నిలబడటానికి మాటే లేదు.

అందరికీ కనిపించే కోడ్‌ను నాలుగు రోజులు వరస తప్పకుండా చదివింది. దోషం లేదు. ఫోన్లలోకి వెళ్ళింది ఆ కోడ్ కాదన్నమాట. వంట అందరి కళ్ళ ముందే జరిగింది. వడ్డించే ముందు ఎవరో గిన్నె మార్చారు.

గిన్నె మార్చడం అంత తేలిక కాదు. ఫోన్లలోకి వెళ్ళే ప్రతి వెర్షన్ మీదా ఒక డిజిటల్ సంతకం పడాలి. ఆ సంతకం లేనిదాన్ని ఏ ఫోనూ తీసుకోదు. సంతకం పెట్టే ఫైలు ఒకే ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంది. పాస్‌వర్డ్ ముగ్గురికీ తెలుసు. కాబట్టి పెన్‌డ్రైవ్ ముగ్గురిలో ఎవరి దగ్గరా ఉండకూడదని మొదట్లోనే పట్టుబట్టింది కరుణాకర్. సీతాఫల్‌మండి వైపు గేటు బయట టిఫిన్ కొట్టు నడిపే లచ్చవ్వకు, చిన్న స్టీలు డబ్బాలో పెట్టి అప్పగించారు. ముగ్గురిలో ఇద్దరు కలిసి వస్తేనే ఇవ్వాలి. ఇద్దరూ డబ్బా మూత మీద చెయ్యి పెట్టాలి. ఇది లచ్చవ్వ తన సొంతంగా కలిపిన నియమం. ఒకసారి కరుణాకర్ ఒక్కడే వెళ్తే రెండో మనిషి ఏడని అడిగి, రెండు ఇడ్లీలు పెట్టి వెనక్కి పంపింది.

కొత్త వెర్షన్ మీద సంతకం పడింది పన్నెండో తారీఖు, బుధవారం సాయంత్రం. ఆ వారమంతా స్వరూప ఊళ్ళో పత్తి ఏరుతోంది. డబ్బా తీసుకున్నది మిగిలిన ఇద్దరే కావాలి. కానీ సంతకం ఎవరు పెట్టారని మంగళవారం ముగ్గురి గ్రూపులో అడిగితే, ఆ రోజు ఆఫీసు పని మీద పుణేలో ఉన్నానని జశ్వంత్ రాశాడు. సాయంత్రం దాకా పరీక్షల డ్యూటీలో ఉన్నానని కరుణాకర్ చెప్పాడు. లచ్చవ్వను అడుగుదామంటే ఆమె కూతురి కాన్పుకు గోల్నాక వెళ్ళి పదిరోజులుగా కొట్టు మూసేసింది. ఇవాళ మధ్యాహ్నం తెరుస్తుందని పక్కన పంక్చర్లు వేసే బాలరాజు చెప్పాడు.

ఇంకొక చిక్కు ఉంది. రెండు లక్షల ఫోన్లలో ఈ దొంగ వెర్షన్‌ను తీసేయాలంటే, శుభ్రమైన వెర్షన్ మీద సంతకం పెట్టి పంపాలి. దానికి డబ్బా కావాలి. డబ్బాకు ఇద్దరు కావాలి. ఉన్న ఇద్దరిలో కనీసం ఒకడు దొంగ.

ఎవరిని వెంటబెట్టుకుని వెళ్ళాలి?

స్వరూప ముందు తార్నాక బయలుదేరింది. ఆగస్టులో ప్రకటనల మాట మొదట ఎత్తింది జశ్వంతే.

*

మెట్రో స్టేషన్ నుంచి నాలుగు సందులు దాటితే జశ్వంత్ వాళ్ళ ఫ్లాట్. మూడో అంతస్తు. అతని తండ్రి సుందరరావు రైల్వేలో రిటైరైన మనిషి. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని సోఫాలో కూర్చుని ఉన్నాడు. ఎవరమ్మా అని అడిగి, గొంతు విని గుర్తుపట్టాడు. తల్లి కమలాదేవి వంటింట్లోంచే ఇడ్లీ తింటావా, పెసరట్టు వేయనా అని అడిగింది. ఏదీ వద్దన్నా ప్లేటు వచ్చింది.

“మీ కీబోర్డు బాగా ముదిరింది అమ్మాయ్,” అన్నాడు సుందరరావు. “నా కంటి గురించి భీమవరంలో మా చెల్లెలికి నాలుగు ముక్కలు రాశాను. అప్పట్నించీ ఫోన్ తెరిస్తే చాలు, కంటి చుక్కలూ కళ్ళజోళ్ళూ. కళ్ళు మూసుకోమన్న డాక్టరు మాట వినాలో, చూడమన్న ఈ ఫోన్ మాట వినాలో తెలీడం లేదు.”

స్వరూప నవ్వలేదు. లోపలి గదిలోంచి వచ్చిన జశ్వంత్ కూడా నవ్వలేదు.

బాల్కనీలో తలుపు దగ్గరగా వేసుకుని ఫోన్ చూపించింది. అతను ప్రకటన చదివాడు. తేనెటీగలా, నువ్వా అని నవ్వబోయి ఆగిపోయాడు. ఏ ఫోన్‌లో ఏ వెర్షన్ ఉందో, దేనిలో ఏం రాసిందో ఆమె చెప్పింది. అతను రెయిలింగ్ పట్టుకుని కిందికి చూస్తూ విన్నాడు. మెయిన్ రోడ్డు మీద బస్సుల హారన్లు మూడో అంతస్తు దాకా వినిపిస్తున్నాయి.

“ఆగస్టుల యాడ్స్ పెడుదామన్నది నువ్వే,” అంది స్వరూప.

“అన్నాను. సర్వర్ ఖర్చు నా జేబులోంచి పోతోంది కాబట్టి అన్నాను. అడుగున చిన్న బ్యానర్ అన్నానే గానీ, జనం రాసేది చదువుదామనలేదు. మీరిద్దరూ వద్దన్నారు. అక్కడితో అయిపోయింది.”

“అయిపోలే. పన్నెండో తారీఖు యాడున్నవ్?”

“పుణేలో. గ్రూపులో పెట్టానుగా.”

“డబ్బా ఎవరు తీస్కున్నరు మరి?”

“అది నేనడగాలి.” జశ్వంత్ ఇటు తిరిగాడు. “ఊళ్ళో ఉన్నానన్నావు. చూసిందెవరు? నీ ఫెలోషిప్ ఆగిపోయి ఆరు నెలలైంది. ఉన్న ముగ్గురిలో కోడ్ గురించి ఎక్కువ తెలిసింది నీకే. నాకైతే నాలుగు రోజుల్నించీ నీ మీదే అనుమానం.”

స్వరూప చాలా నెమ్మదిగా అంది.

“మా చెల్లె బీమారి మా నాయనకు ఫోన్ల కనబడ్డది జశ్వంత్. అది రేపు చదువు బంద్ చేసి పోతున్నది. గా పని నేను చేస్తనా?”

అతని మొహంలో రంగు మారింది. వనజ సంగతి అతనికి తెలియదు. లేదా తెలియనట్టు ఉండటం బాగా తెలుసు. ఏది నిజమో స్వరూప తేల్చుకోలేకపోయింది. ఈ వారం రోజుల్లో ఆమెకు పట్టిన కొత్త రోగం ఇదే. ఎవరి మొహం చూసినా దాని వెనక ఇంకో మొహం వెతుకుతోంది.

అంతలో హాల్లోంచి సుందరరావు కేక వేశాడు. చుక్కల వేళైందట. జశ్వంత్ లోపలికి వెళ్ళి సీసా తీశాడు. తండ్రి తల వెనక్కి వాల్చి, స్వరూపకు వినిపించేలా కొడుకును మెచ్చుకోవడం మొదలుపెట్టాడు.

“పన్నెండున శుక్లం తీశారమ్మాయ్. తెల్లారే వీడే ఆటో పిలిచి తీసుకెళ్ళాడు. పదకొండింటికల్లా తెచ్చి మంచం మీద పడేశాడు. ఆ తర్వాత మళ్ళీ చీకటి పడ్డాక గానీ కనబళ్ళేదనుకో.”

చుక్క కంట్లో పడలేదు. చెంప మీద పడింది.

స్వరూప బ్యాగు భుజానికి తగిలించుకుంది. కమలాదేవి ఇంకో అట్టు తెస్తూ ఆగమంది. ఆగలేదు. రెండో అంతస్తు మెట్ల మలుపులో జశ్వంత్ చెప్పుల్లేకుండా దిగొచ్చి అడ్డంగా నిలబడ్డాడు.

“పుణే లేదు, ఏమీ లేదు. ఆఫీసు నన్ను తీసేసి రెండు నెలలైంది,” అన్నాడు. “ఇంట్లో తెలీదు. రోజూ లాప్‌టాప్ బ్యాగు వేసుకుని మెట్రో ఎక్కి రాయదుర్గం దాకా వెళ్తాను. అక్కడ కూర్చుని, సాయంత్రం మళ్ళీ ఎక్కుతాను. ఆ రోజు కూడా అంతే.”

“ఎవరన్న చూసిన్రా?”

“ఎవరూ చూడకూడదనే కదా వెళ్ళేది.”

ఉద్యోగం లేని మనిషి. ప్రకటనలు కావాలన్న మనిషి. ఎక్కడున్నాడో అబద్ధం చెప్పిన మనిషి. స్వరూప అతన్ని పక్కకు తప్పించుకుని దిగిపోయింది. పైనుంచి, లచ్చవ్వను అడుగు స్వరూపా, నన్ను కాదు, అని అతను అనడం వినిపించింది.

వీధి చివర నిలబడి కరుణాకర్‌కు ఫోన్ చేసింది.

*

కరుణాకర్ పావుగంటలో బైక్ మీద వచ్చాడు. నలభైకి దగ్గర పడుతున్న మనిషి, కాంట్రాక్టు లెక్చరర్. క్యాంపస్‌లో మూడు బ్యాచ్‌ల వాళ్ళకు అతను అన్న. హాస్టల్ సీటు దొరకని వాడికి తన గదిలో చోటిచ్చాడు, దరఖాస్తు రాయడం రాని వాళ్ళకు రాసిపెట్టాడు. సాఫ్ట్‌వేర్ జనానిది కావాలని స్వరూప మొదటిసారి విన్నది అతని నోటి నుంచే.

ఆమె చెప్పిందంతా హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. ఆశ్చర్యపోలేదు. ఆగస్టులోనే తనకు జశ్వంత్ మీద అనుమానం వచ్చిందనీ, స్నేహం చెడుతుందని నోరు మూసుకున్నాననీ చెప్పాడు. వెర్షన్ మార్చడం ముందు జరగాలనీ, దొంగ సంగతి తర్వాత చూసుకుందామనీ అన్నాడు. మాట సరిగ్గానే ఉంది.

“చెల్లె ఎట్లున్నది?” అని అడిగాడు బండి స్టార్ట్ చేస్తూ. “దసరా నుంచి నేను చూడనే లేదు. మాట గూడ లేదు. రేపు మీ నాయన వస్తే నేనూ వస్త. నచ్చజెప్త.”

వారం రోజులకు మొదటిసారి స్వరూపకు వెనక ఒక మనిషి ఉన్నట్టు అనిపించింది.

సీతాఫల్‌మండి స్టేషన్‌లో లోకల్ రైలు ఆగి, జనం గేటు వైపు వస్తున్నారు. లచ్చవ్వ కొట్టు ముందు కసువు ఊడ్చి నీళ్ళు చల్లి ఉంది. కడాయిలో నూనె ఇంకా కాగలేదు. ఇద్దర్నీ చూసి, ముందు తిన్నారా అని అడిగి, తర్వాత గోడకున్న చెక్క అర తాళం తీసింది. పసుపు డబ్బా వెనక నుంచి స్టీలు డబ్బా బయటికి వచ్చింది.

“పెట్టుండ్రి చెయ్యి,” అంది.

ఇద్దరూ మూత మీద చెయ్యి పెట్టారు. కరుణాకర్ నవ్వుతూ పెట్టాడు. అవ్వ తలకాయలు లెక్కబెట్టినట్టు ఇద్దర్నీ చూసి డబ్బా వదిలింది.

అప్పుడే వెనక నుంచి ఆటోవాడు అరిచాడు. రోడ్డు మీద అడ్డంగా పెట్టిన బైక్ తీయమంటున్నాడు. కరుణాకర్ అటు నడిచాడు. స్వరూప ఒక్క అడుగు ముందుకు వేసి, గొంతు తగ్గించి, పోయినసారి డబ్బా ఎవరు తీసుకున్నారని అడిగింది.

“అప్పుడు గూడ ఇద్దరొచ్చిన్రు బిడ్డా. ఇద్దరు రాంది నేనిస్తనా?”

“ఎవరవ్వా?”

“ఒకరు నీ చెల్లెనే గదనే.”

స్వరూప చేతిలో డబ్బా చల్లగా ఉంది.

“వనజనా? దానికెట్ల ఇచ్చినవవ్వా? ముగ్గురిల ఇద్దరు రావాలె గదా.”

లచ్చవ్వ మొహంలో తప్పు చేసిన ఛాయ లేదు. అడిగిన దానికి ఆశ్చర్యమే ఉంది.

“నువ్వు ఊరికి పోయేటప్పుడు ఏమంటివి? నేను లేనన్ని రోజులు నా చెల్లెను నన్ను చూసినట్టే చూడు అవ్వా అంటివి గాదా? చూసిన. రోజు కడుపునిండ పెట్టిన. గా బుధవారం వచ్చి అక్కే తెమ్మన్నదని డబ్బా అడిగింది. నీ సొంత చెల్లె. నువ్వు రాలేకుంటే అది రాదా? చెయ్యి పెట్టింది, ఇచ్చిన. పొద్దుగూకినంక మళ్ళ తెచ్చి ఇచ్చింది. ఏం పోయింది?”

పెన్‌డ్రైవ్ ఒక్కరి చేతిలో పడకుండా వేసిన కట్టుదిట్టమంతా ఆ ఒక్క మాటతో విడిపోయింది. ఆ మాట అన్నది స్వరూపే. చెల్లెలికి రెండు పూటలా అన్నం దొరకాలని అన్నది.

“రెండో మనిషి ఎవరు?”

“బండి దిగలే. గా చింతచెట్టు కాడ ఆపుకొని ఉన్నడు. నేనే పోయి చెయ్యి పెట్టిపిచ్చుకున్న. నెత్తికి హెల్మెట్. మీలనే ఎవరో ఒకరు గదా అనుకున్న.”

“హెల్మెట్ ఏం రంగు?”

“నల్లది. గీ ఊర్ల అందరియి నల్లయే గదనే.”

బైక్ పక్కకు పెట్టి కరుణాకర్ వెనక్కి వస్తున్నాడు. అవ్వ ఏమంటోందని దూరం నుంచే అడిగాడు.

“మనవరాలు పుట్టిందట,” అంది స్వరూప.

కరుణాకర్‌తో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. ఎందుకు ఆడిందో ఆమెకే తెలియదు. లచ్చవ్వ మాత్రం, పుట్టింది మనవడు కదా అన్నట్టు ఆమె వైపు ఒక చూపు చూసి కడాయి కింద మంట పెంచింది.

*

బైక్ వెనక కూర్చున్న స్వరూపకు క్యాంపస్ లోపలి రోడ్డంతా ఒకటే కనిపించింది. కళ్ళ ముందు జానెడు దూరంలో నల్ల హెల్మెట్ వెనక భాగం. జశ్వంత్‌ది కూడా నల్లదే. వాళ్ళ ఫ్లాట్‌లో చెప్పుల స్టాండు మీద చూసింది.

శనివారం మధ్యాహ్నం కాబట్టి ల్యాబులో ఎవరూ లేరు. కరుణాకర్ కిటికీలు తెరిచి, మూల ఉన్న కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. శుభ్రమైన వెర్షన్ తయారు కావడానికి పది నిమిషాలు పడుతుంది. తెర మీద గీతలు ఒకదాని కింద ఒకటి పరుగెత్తుతున్నాయి. అది అయ్యాకే పెన్‌డ్రైవ్‌తో పని.

స్వరూప రెండు బల్లల అవతల కూర్చుంది. డబ్బా ఒళ్ళో ఉంది. వనజకు ఇచ్చిన బటన్ ఫోన్‌కు రెండుసార్లు రింగ్ చేసింది. ఎత్తలేదు. ఈ వేళ రీడింగ్ హాల్లో ఉంటుంది. వెళ్ళి అడగాలంటే ఇక్కడి నుంచి లేవాలి. లేస్తే డబ్బాను ఇక్కడ వదలాలి, లేదా తీసుకుపోవాలి. ఏది చేసినా కరుణాకర్ ఎందుకని అడుగుతాడు.

బ్యాగులో వనజ ఫోన్ ఉంది.

బయటికి తీసింది. తెర తెరుచుకుంది. మెసేజీలు చూద్దామంటే వాటికి వనజ వేరే లాక్ పెట్టుకుంది. దాని నంబరు స్వరూపకు తెలియదు. తెలిసినా తెరిచేది కాదేమో. కానీ ఇంకో దారి ఉంది. ఆ దారి ఈ లోకంలో ముగ్గురికే బాగా తెలుసు, ఎందుకంటే దాన్ని కట్టింది ఆ ముగ్గురే.

కీబోర్డు అన్నీ గుర్తుపెట్టుకుంటుంది.

వనజ రోజూ వాడే మాట తర్వాత వందరకాల మాటలు వచ్చి ఉంటాయి. అక్కడ ఏమీ తేలదు. కానీ ‘పెన్‌డ్రైవ్’ అన్న మాట ఆ పిల్ల జన్మలో ఎన్నిసార్లు రాసి ఉంటుంది? ఒకసారి. మహా అయితే రెండుసార్లు. అరుదైన మాట వెనక నడిచే మాటలు మారవు. ఒకే దారిలో వరసగా వస్తాయి.

ఇంకొకరి కీబోర్డు జ్ఞాపకంలోకి తొంగిచూడకూడదు. వాళ్ళ పేజీలో మొదటి వాక్యం అదే. రాసింది స్వరూప. ఈ వారమంతా ఎవరో ఆ వాక్యాన్ని తొక్కారని ఊరంతా తిరిగింది. ఇప్పుడు తన వేలే దాని మీద ఉంది.

నోట్స్ తెరిచింది. తప్పు చేస్తున్నానని తెలిసే టైపు చేసింది.

పెన్‌డ్రైవ్.

పైన మూడు గళ్ళు వెలిగాయి. మధ్య గడిలో ‘ఇచ్చిన’ అని ఉంది. నొక్కింది.

‘గదా’ వచ్చింది. నొక్కింది.

‘ఇగ.’

అవతల కంప్యూటర్ ఫ్యాను గట్టిగా తిరుగుతోంది. కరుణాకర్ ఇటు చూడటం లేదు. ఇంకో నాలుగు నిమిషాలు అన్నాడు. స్వరూప సరే అంది. గొంతు మామూలుగానే వచ్చింది.

‘అక్కకు.’

మధ్యలో నొక్కింది.

‘చెప్పకు.’

పెన్‌డ్రైవ్ ఇచ్చిన గదా ఇగ అక్కకు చెప్పకు.

అంటే వనజ అమ్మలేదు. ఎవరికో లొంగింది. అక్కకు తెలియకూడనిది ఒకటి ఎవరి చేతిలోనో ఉంది. దాన్ని చెప్పకుండా ఉండటానికి ఇచ్చిన బదులు ఈ పెన్‌డ్రైవ్. ఫిట్స్ సంగతి అక్కకు ముందే తెలుసు. కాబట్టి ఆ రహస్యం అది కాదు. ఇంకేదో.

వాక్యం ఇంకా అయిపోలేదు. మధ్య గడిలో ఇంకొక మాట వచ్చి నిలబడింది. దాన్ని నొక్కాల్సిన పని లేదు. చదివితే చాలు.

‘కరుణన్నా.’

స్వరూప తల ఎత్తలేదు. తెర వెలుగు తగ్గి, చీకటి కాబోతుంటే బొటనవేలితో తాకింది. ఆ మాట అక్కడే ఉంది.

ఫ్యాను చప్పుడు ఆగింది. వెర్షన్ తయారైంది. కుర్చీ వెనక్కి జరిగిన శబ్దం, తర్వాత అడుగులు. రెండు బల్లల దూరం ఎంతో లేదు.

“ఆ ఫోన్ వనజది గదా?” అన్నాడు కరుణాకర్, ఆమె భుజం వెనక నుంచి. “మొన్న మాట్లాడితే, కింద పడి పగిలిపోయిందన్నదే నాతోని.”

దసరా నుంచి మాట లేదన్న మనిషి.

స్వరూప ఫోన్‌ను నెమ్మదిగా బోర్లించింది. అతను దాని వైపు చూశాడు. ఆమె మొహం వైపు చూశాడు. ఎంతవరకు చదివి ఉంటుందో అంచనా వేసుకున్నాడేమో, ఎప్పటిలాగే, దరఖాస్తు రాసిపెట్టే అన్నలాగే నవ్వి చెయ్యి చాపాడు.

“ఇటియ్యి చెల్లె. రెండు లక్షల మంది ఎదురుచూస్తున్నరు.”

అది నిజమే. సంతకం పడితేనే లీకు ఆగుతుంది. ఇప్పుడే పడాలంటే, అతను తయారు చేసిన వెర్షన్‌ను నమ్మి ఈ డబ్బా ఆ చేతికివ్వాలి.

ఒళ్ళోని డబ్బాను దగ్గరికి లాక్కుని, మూత మీద స్వరూప తన రెండో చెయ్యి కూడా పెట్టింది.